పాముల సారు భార్య

దోహా దగ్గరి మెసయీద్ కంపెనీ క్వార్టర్స్‌లో ఇంజనీరు రామకృష్ణారావును అందరూ ‘పాముల సారు’ అంటారు. పేరు ఆయనది, చాకిరీ ఆయన భార్య ఇందిరాదేవిది. లోకంలో చాలా పనులకు ఇదే పద్ధతి కనుక ఎవరూ వింతగా చూడలేదు.

రెండేళ్ళ కిందట ప్లాంటు స్టోర్‌లో ఎలుకల కోసం పెట్టిన జిగురు అట్టకు ఓ ఇసుక పాము అతుక్కుపోయింది. కూలీలు పారలెత్తేసరికి రామకృష్ణారావు అడ్డంపడి, వంటనూనె రాసి రాసి దాన్ని విడిపించి ఇంటికి తెచ్చాడు. విషం లేనిదన్నాడు. పొట్ట కింద చర్మం లేచిపోయింది, మానగానే ఎడారిలో వదిలేస్తానన్నాడు. చేపలు చచ్చి ఖాళీగా ఉన్న గాజుతొట్టెలో ఇసుక పోసి, పైన నలభై క్యాండిల్ బల్బు వేలాడదీశాడు. మర్నాడు షట్‌డౌన్ డ్యూటీ అని వెళ్ళినవాడు పది రోజులదాకా ఇంటి మొహం చూడలేదు.

ఇందిరాదేవి తెనాలి మనిషి. ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వదు. బల్లి మీద పడితే తలస్నానం చేసి, దీపం పెట్టి, ఆ తర్వాతే మంచినీళ్ళు ముడుతుంది. మొదటి మూడు రోజులు ఆ గది తలుపు తియ్యలేదు. నాలుగో రోజు, అది ఆకలితో చస్తే పాపం తనకు చుట్టుకుంటుందన్న భయంతో, చీపురూ జామ్ సీసా పట్టుకుని పెరటి గోడ దగ్గర బల్లుల కోసం కాపు కాసింది. పాము బల్లిని మింగుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని రామ రామ అనుకుంది. వారానికి రెండు బల్లులు, రెండు తలస్నానాలు. మూడో నెలకు తలస్నానాలు మానేసింది, ఎందుకు మానేసిందో తనకే తెలియదు.

పుండు మానింది గానీ, గట్టిపడిన ఆ పొట్టతో పాము ఇసుకలో సరిగ్గా దూరలేకపోయేది. బయట వదిలితే ఒక్క పూట బతకదు. అందుకని ఉండిపోయింది. ఈలోగా పాముల సారు పేరు క్యాంపులన్నిటికీ పాకింది. కంపెనీ డ్రైవర్ ఈరన్న, కర్నూలు వైపువాడు, బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు.

“అమ్మా, సారు ల్యాడా? క్యాంపు కాడ ఇంగోటి దొరికినాది. తోక మింద బండి పోయినాది, పానముంది.”

ప్రాణముందంటే రామకృష్ణారావు కాదనలేడు. అలా తొట్టెలు అయిదయ్యాయి. శుక్రవారాలు దోహా నుంచి వచ్చే స్నేహితులకు ఆయన పాములు చూపించి, అవి చెవులతో వినవనీ, పాలు తాగవనీ, మనవాళ్ళవన్నీ మూఢనమ్మకాలనీ గంటసేపు ఉపన్యసించేవాడు. ఆ గంటలో ఇందిరాదేవి అయిదు తొట్టెలూ కడిగేది.

ఆ ఊళ్ళో పుట్ట లేదు. తెలుగు ఆడవాళ్ళు అంతవరకూ నాగుల చవితికి పళ్ళెంలో వెండి పడగ పెట్టుకుని సరిపెట్టుకునేవారు. పోయినేడు జనరల్ మేనేజర్ సుధాకరరావు భార్య ప్రతిమ కన్ను ఈ ఇంటి మీద పడింది. అప్పటిదాకా ఇందిరాదేవిని పేరు పెట్టి పిలవని మనిషి స్వయంగా ఫోన్ చేసి, పదిమందిని వెంటబెట్టుకుని వచ్చింది. పదకొండు గ్లాసుల పాలు మొదటి తొట్టెలో పోశారు. ఇందిరాదేవికి ఆ రోజు ఒళ్ళు తెలియలేదు, అంత గొప్పగా ఉంది.

వారానికల్లా తొట్టె కంపు కొట్టింది. ఇసుక మార్చినా లాభం లేకపోయింది. పాము నోరంతా పుండై ఆరు వారాలు ఏమీ తినలేదు. ఇందిరాదేవి రోజూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దూదిని ఉప్పునీళ్ళలో ముంచి నోరు తుడిచింది. ఆ ఆరు వారాలూ ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. ఇంకోసారి అలా జరిగితే అది దక్కదని ఆవిడకు తెలుసు.

ఈ ఏడు, అంటే తొంభై అయిదులో, చవితి శుక్రవారం వచ్చింది. ముందురోజు ప్రతిమ ఫోన్ చేసింది.

“రావద్దని చెప్పేస్తానండీ,” అంది ఇందిరాదేవి భర్తతో.

ఆయన కంగారుపడ్డాడు. “ఇందూ, ఒక్క చెంచాడు పాలకి ఏమైపోతుంది?”

“పాము పాలు తాగదని ఊరందరికీ లెక్చర్లు ఇచ్చేది మీరేగా!”

“తాగదు, నిజమే. నా కాంట్రాక్ట్ రెన్యువల్ కాగితం సుధాకరరావుగారి టేబుల్ మీద ఉంది, అదీ నిజమే.”

పొద్దున్నే ఆ హేతువాది స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని వరండాలో నిలబడ్డాడు. పదకొండుమందీ ఉపవాసంతో, పాల గ్లాసులతో వచ్చారు. ఇందిరాదేవి కూడా ఉపవాసమే. తొట్టెకు వీపు ఆనించి నిలబడింది.

“జరగండి ఇందిరగారూ,” అంది ప్రతిమ.

“పాలు దానికి పడవండీ. పోయినేడు చావు తప్పి బతికింది.”

“నాగరాజుకి పాలు పడకపోవడమేమిటండీ!”

“అదేం లేదండీ, మీరు పొయ్యండి,” అంటూ రామకృష్ణారావు భార్య మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

ప్రతిమ వెండి గ్లాసు వంచబోయింది. ఇందిరాదేవి మోచెయ్యి విదిలించుకుని, ఆ గ్లాసు లాక్కుని, ఉపవాసం సంగతి కూడా మరిచి గటగటా తాగేసింది.

“తాగేశాడండీ నాగరాజు,” అంది. గొంతు వణికింది, కాళ్ళూ వణికాయి.

రామకృష్ణారావుకు కాంట్రాక్ట్ కళ్ళముందే చిరిగిపోయింది. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో కేకేశారు.

“నాగమ్మ తల్లి పూనిందమ్మా! ఆ ఒణుకు చూడండి!”

భక్తిలో రెండోస్థానం ప్రతిమకు అలవాటు లేదు. అందరికంటే ముందు ఆవిడే వంగి ఇందిరాదేవి కాళ్ళకు దణ్ణం పెట్టింది. అది చూసి రామకృష్ణారావూ చేతులు జోడించాడు. మిగతావాళ్ళు గ్లాసులు పట్టుకుని వరస కట్టారు.

పూనలేదని ఒక్క మాట అంటే చాలు, ఆ పాలన్నీ తొట్టెలోకి పోతాయి. ఇందిరాదేవి అనలేదు. రెండో గ్లాసు తాగింది, మూడోది తాగింది. ఆరోదానికి కడుపు ఉబ్బింది, ఎనిమిదోదానికి కళ్ళు నీళ్ళతో నిండాయి, ఆడవాళ్ళు అది చూసి మరింత భక్తిగా లెంపలేసుకున్నారు. పదకొండోది కూడా ఖాళీ చేసి, పమిటచెంగుతో మూతి తుడుచుకుని, ఇంకెవరైనా ఉన్నారా అని ఆవిడే అడిగింది.