టెస్ట్ షాట్లు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, రేపు నేను లేకపోతే బుజ్జిదానికి చూపించడానికి నా ఫొటో ఒక్కటీ ఉండదని. ఫొటోగ్రాఫర్ పెళ్లానికి ఇదేం భయమని నవ్వుతారు. కానీ పిల్ల పుట్టిన ఈ ఏడు నెలలుగా గుండె ఊరికే దడదడలాడుతుంది, నాకేదో అయిపోతుందనిపిస్తుంది.

మా ఆయన పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. లెన్సులు తుడవడం, బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టడం, వేల ఫొటోల్లో కళ్లు మూసుకున్నవాళ్లను ఏరి తీసెయ్యడం నా వంతు. పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని కదా, నేను చేసేదాన్ని పని అని ఎవరూ అనరు. ఈమధ్య కొత్త టెలిఫొటో జూమ్ లెన్స్ వచ్చింది. దూరాన ఉన్న మనిషిని పక్కనే ఉన్నట్టు పట్టేస్తుంది. పాతది మోస్తే భుజం పడిపోయేది. ఇది మంచినీళ్ల సీసా అంత బరువే.

"చూశావా, ఎంత తేలికో! ఇక బుజ్జిదాన్ని చంకనేసుకుని బ్యాగు కూడా నువ్వే మోసేయొచ్చు," అన్నాడు, వరమిచ్చినట్టు.

"ఆ లెన్సుకు చెమ్మ తగలనీయకు," అంది అత్తయ్య. పిల్ల పడుకునే గది గోడకున్న చెమ్మ గురించి ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు కెమెరా మెమరీ కార్డు నా చేతిలో పెట్టి, "మొదటి నలభై టెస్ట్ షాట్లు. తీసెయ్, చోటు దండగ," అన్నాడు.

తెరిచాను. నలభైలోనూ నేనే. వరండా ఆ చివర నుంచి, నాకు తెలియకుండా తీశాడు. ఉతికిన బట్టలు భుజాన వేసుకుని, వంగి, బుజ్జిదాని బోసినోటిని చూసి నవ్వుతున్నాను. ఆయన చూసుకున్నది ఫోకస్ కుదిరిందా లేదా అనే. నా ముఖంలో అంత నెమ్మది ఉంటుందని నాకే తెలీదు.

అత్తయ్య నా భుజం మీదుగా వంగి చూసింది.

"వీడి చిన్నప్పటి ఫొటోల్లో నా చెయ్యొక్కటే ఉంటుందే. పిల్లాడు పడకుండా పట్టుకో, నువ్వు మాత్రం పక్కకు జరుగు అన్నారు," అంది. తర్వాత, "తీసెయ్యకు తల్లీ," అంది.

తీసెయ్యలేదు. 'బుజ్జిది, అమ్మ' అని ఫోల్డర్ పెట్టి దాచాను. అత్తయ్యను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కెమెరాకు లెన్స్ నేనే బిగించాను.

"అయ్యో, పడేస్తావ్!" అని పరుగెత్తుకొచ్చాడాయన.

"తేలికేగా, మీరే అన్నారు," అన్నాను. ఫొటో తీశాను, అత్తయ్య ముఖమంతా.

మీ ఇంట్లో ఆల్బమ్ ఉంటే ఒకసారి తెరవండి. అందులో చెయ్యి మాత్రమే కనిపించే మనిషి ఎవరో చూసి, లేచి వెళ్లి, ఎలా ఉన్నావని ఆమెను అడగండి.