బుడ్డోని మూట

నాటు వేసేటప్పుడు మునుం మధ్యలో ఎవరు నిలబడాలన్నది హాలియా ఆడవాళ్లకు చిన్న సంగతి కాదు. పదిమంది వరసగా వంగి, నారు గుచ్చుకుంటూ వెనక్కి వెనక్కి నడిచే బారును మునుం అంటారు. ఆ బారుకు నడిమధ్యన నిలబడేది కథ చెప్పే మనిషి. ఆమె మాట రెండు కొసలకూ సమంగా వినబడాలి. కథ జోరు మీదున్నప్పుడు ఆమె చేయి ఆగినా సరే, అటుపక్క మనిషి, ఇటుపక్క మనిషి కలిసి ఆమె వంతు కూడా నాటేస్తారు. దానికి ఎవరూ నోరెత్తరు.

పదకొండేళ్లుగా ఆ నడిమి జాగా గుర్వమ్మది.

గుర్వమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ టాకీసులో ఒక్కసారి సినిమా చూసిందంటే, రెండున్నర గంటల బొమ్మను మూడెకరాల పొడుగు సాగదీసేది. దొంగ వచ్చినప్పుడు గొంతు బొంగురు చేసేది. పెళ్లి వచ్చినప్పుడు ఏ కూర వండారో కూడా చెప్పేది. ఒక్క నియమం మాత్రం పెట్టుకుంది. కళ్లతో చూడనిది నోటితో చెప్పేది కాదు.

తొంభై అయిదులో వానాకాలం నాట్లకు ముందు టాకీసు మూతబడింది. తెర చినిగిందని కొందరు, అన్నదమ్ముల తగాదా అని కొందరు అన్నారు. కాలువకు మాత్రం నీళ్లు వచ్చాయి, నాట్లు మొదలయ్యాయి. మొదటిరోజు లింగస్వామి మడిలో గుర్వమ్మ ఒక పాత కథ ఎత్తుకుంది. పది నిమిషాలు కాలేదు, బక్కమ్మ అడ్డం తగిలింది. బక్కమ్మ ఆ గుంపులో అందరికంటే పెద్దది, నోరు కూడా ఆమెదే పెద్దది.

"గిది పోయినేడు చెప్పినవు గదనే పిల్లా! ఆఖరుకు వాని తమ్ముడే దొంగ."

బారంతా నవ్వింది. గుర్వమ్మ ఇంకోటి ఎత్తుకుంది.

"గిండ్ల తల్లి గుడ్డిదయితది, కొడుకు పాట పాడితే చూపొస్తది. ఇంకోటి జెప్పు."

ఇంకోటి లేదు. గుర్వమ్మ నారు కట్ట విప్పసాగింది. అప్పుడు బక్కమ్మ తలెత్తకుండానే అంది. "కథలు ఒడిసిపోతే ఒడిసినయని చెప్పు, తప్పేమున్నది? నర్సింగమ్మను నడుమ నిలబెడదం. అది పొద్దుగూకినంక పనికి పోయే ఇంట్ల డిష్షు పెట్టిచ్చిండ్రట. రోజుకో సినిమా చూస్తాందట."

కొసన నాటుతున్న నర్సింగమ్మ సిగ్గుపడి, "నాకు చెప్పొస్తదా పెద్దమ్మా" అంది. కానీ రాదని మాత్రం అనలేదు.

ఆ మాట గుర్వమ్మకు ముల్లులా గుచ్చుకుంది. పొద్దుగూకే వేళ బజారు మీదుగా ఇంటికి పోతుంటే, బషీర్ ఇంటి ముందర గదిలోంచి టకటకమని చప్పుళ్లు, కేకలు వినిపించాయి. బషీర్ ఆ గదిలో వీడియో గేముల దుకాణం పెట్టి ఆరు నెలలైంది. అతను బయటికి పోయినప్పుడు భార్య షరీఫా చూసుకునేది. గుర్వమ్మ గడపలో నిలబడి తొంగిచూసింది. టీవీలో జానెడు మనిషి ఒకడు, ఎర్ర రుమాలు చుట్టుకొని, గుంతలు దుంకుతూ ఉరుకుతున్నాడు.

"గిదేం సినిమా బిడ్డా?"

"సినిమా కాదు గుర్వమ్మక్కా, గేము. మనం ఆడిస్తెనే వాడు ఆడుతడు."

"ఆడియ్యకపోతె?"

"సస్తడు."

గుర్వమ్మ లోపలికి వచ్చి కూర్చుంది. షరీఫా ఆమె కోసం గేము మొదటినుంచి పెట్టింది. మొదట ఒక బొమ్మ వచ్చింది. ఆ జానెడు బుడ్డోడు మూట పక్కన పెట్టుకొని కూర్చొని ఉంటాడు. కొండంత రాకాసి వచ్చి ఆ మూట ఎత్తుకొని పారిపోతాడు. బుడ్డోడు లేచి వెంటపడతాడు. ఏడు కోటలు దాటితే మూట దొరుకుతుంది.

"మూటల ఏమున్నది?" అని అడిగింది గుర్వమ్మ.

షరీఫా నవ్వింది. "నేను పోయిన నెలల ఖతం చేసిన. నాకెరుకనే."

"చెప్పరాదు మరి!"

"చెప్తే మజా పోతది అక్కా. పది దినాలు ఆడి చూసిన నేను. మూట ఇప్పిన్నాడు నాకు నేనే గంటసేపు నవ్వుకున్న. ఎవ్వరికన్న చెప్పాలని నోరు గుంజింది. బషీరుకు చెప్పబోతే, నేను చూడలే, చెప్పకని చెవులు మూసుకున్నడు. గీ ముచ్చట చెప్పేది కాదు, నువ్వే గెలిచి చూడాలె."

అలా బేరం కుదిరింది. మడి గట్ల మీది పొన్నగంటికూర రోజూ కొంగు నిండా తెచ్చి గుర్వమ్మ షరీఫాకు ఇచ్చేది. గుర్వమ్మ అంతకుముందు దాటిన కోటలన్నీ షరీఫా చకచకా దాటించి, కొత్త కోట రాగానే రిమోటు ఆమె చేతిలో పెట్టేది. మొదటిరోజు గుర్వమ్మ బుడ్డోణ్ని వెనక్కే నడిపించింది.

"అరె, ముందటికి అక్కా, ముందటికి! ఎనుకకు పోతవేంది?"

"నేను ఎన్నడు ముందటికి పోయిన బిడ్డా? ఇరవై ఏండ్ల సంది ఎనుకకే నడుస్తున్న" అంది గుర్వమ్మ. ఆ అలవాటు మానడానికి ఆమెకు అరగంట పట్టింది.

మరునాడు మునుం పట్టగానే గుర్వమ్మ గొంతు సవరించుకుంది.

"ఒక బుడ్డోడు. జానెడంత ఉంటడు. వానికి మూడు పానాలు."

"మూడా!" అన్నారు నలుగురు ఒక్కసారే.

"మూడు. ఒకటి పోతే లేచి మళ్ల ఉరుకుతడు."

చేతులు ఆగిపోయాయి. మూడు ప్రాణాల సంగతి తేలేదాకా కథ ముందుకు సాగలేదు. ఈదమ్మ నడుం పట్టుకొని లేచి నిలబడి, "నాకొద్దమ్మ. ఒక్క పానానికే నడుము గింత నొస్తాంది, మూడు నడుములు ఎవలు మోస్తరు?" అంది. నర్సింగమ్మ, "నేనైతె ఒకటి మా అత్తకిస్త. ఆమెకున్నది సాలక నా పానం తింటాంది" అంది. అందరూ అన్నాక బక్కమ్మ లెక్క తేల్చింది.

"నాకు మూడుంటె, ఒకటి నాటుకు తోల్త. ఒకటి ఇంట్ల పనికి. మూడోది ఉట్టిగ పండవెడ్త. దాన్ని ఎవలన్న లేపిండ్రో, ఊకోను."

ఆ రోజు ఒక్క కోట కథ ఎకరన్నర దాకా సాగింది. గుర్వమ్మ వంతు నారు ఆమెకు తెలియకుండానే అయిపోయింది.

అప్పటినుంచి రోజుకో కోట. నిప్పుల బాట, మొసళ్ల మడుగు, తేళ్లు రాలే చెట్టు. అన్నిటికంటే ఎక్కువ ముచ్చట మూట మీదనే. బక్కమ్మ బంగారం అంది. ఈదమ్మ, "కాదు, వాని పెండ్లాం అయ్యుంటది" అంది. "పెండ్లాన్ని మూట కడ్తరానే?" అని బక్కమ్మ కసురుకుంది. నర్సింగమ్మ సద్ది అంది. గట్టు మీద నారు కట్టలు వేస్తున్న లింగస్వామి చెవి కూడా ఇటే ఉంది. "పట్టా కాయితాలే అయ్యుంటయి. మనిషి గంత దూరం ఉరికేది వాటికోసమే" అన్నాడు. నలభై ఏళ్ల మనిషి, తన పొలం పట్టా కోసం మండలాఫీసు చుట్టూ తిరిగి తిరిగి అరిగిపోయినవాడు కదా.

బక్కమ్మ షరతు పెట్టింది. "నాటు ఒడిసేలోపల మూట ఇప్పాలె పిల్లా. ఇప్పకపోతివా, వచ్చే యాసంగి నాట్లకు నడిమి జాగా నర్సింగమ్మదే. సగం కథతోని మమ్ముల ఇండ్లకు తోల్తవా?"

ఆరు కోటలు బాగానే దాటాయి. ఏడో కోటలో గుర్వమ్మ ఇరుక్కుంది. అక్కడ మడుగు మీద ఒక చెక్క వంతెన, అవతలి కొసన మూటతో రాకాసి. ఎంత ముందుకు ఉరికితే అన్ని బండలు విసురుతాడు. మొదటి సాయంత్రం మూడు ప్రాణాలూ పోయాయి. రెండో సాయంత్రం రెండు పోయాక కరెంటు పోయింది. కరెంటు పోతే అంతా మొదటికే.

"ఏదన్న ఉపాయం జెప్పు బిడ్డా" అని బతిమాలింది గుర్వమ్మ.

"నీకు తెల్సిన పనే అక్కా" అంది షరీఫా. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

ఇక ఆనాటి పని పోగా లింగస్వామి మడి ఒక్క ఎకరమే మిగిలింది. ఆ రోజు గుర్వమ్మ దాటిన ఆరు కోటల కథనే అటు తిప్పి ఇటు తిప్పి చెబుతోంది. మొసళ్లకు మళ్లీ ఆకలైంది, తేళ్లకు పిల్లలు పుట్టాయి. బక్కమ్మ నాటడం ఆపి నిలబడింది.

"గుర్వీ, నువ్వు ఆ మూట చూడలే గద?"

ఒక్క క్షణం గుర్వమ్మ నోటి దాకా వచ్చింది, బంగారమే ఉందని. అంటే అయిపోయేది. బక్కమ్మ మురిసిపోయేది, నడిమి జాగా నిలిచేది. చేతిలోని నారు పోచల వైపు చూసుకుంది. పదకొండేళ్లుగా కళ్లతో చూడనిది ఒక్కటీ చెప్పలేదు.

"చూడలే పెద్దమ్మా. ఏడో కోటల రోజు సస్తున్న. నా వల్ల అయితలేదు."

బారులో ఎవరూ నవ్వలేదు. బక్కమ్మ నడుం నుంచి కొంగు తీసి ముఖం తుడుచుకుంది.

"మరి ఒక్కదానివే ఎందుకు సస్తున్నవే? మేము లేమా? పొద్దుగూకనియ్యి, అందరం పోదాం."

ఆ సాయంత్రం బషీర్ దుకాణం ముందుకు పదిమంది ఆడవాళ్లు మోకాళ్ల దాకా బురదతో వచ్చి నిలబడ్డారు. బషీర్ గాభరాగా లేచాడు. "అరె, గింతమందా! ఏమైంది అక్కా, ఎవలన్న కొట్టుకున్నరా?"

"రాకాసిని కొట్టనీకి వచ్చినం, జర జరుగు" అంది బక్కమ్మ.

షరీఫా నవ్వుకుంటూ బయట నీళ్ల డ్రమ్ము చూపించింది. వరసగా కాళ్లు కడుక్కొని వచ్చి చాప మీద, గడప మీద, కిటికీ చువ్వల అవతల సర్దుకున్నారు. "ఏడు కొట్టంగనే కరెంటు పోతది" అని బషీర్ గడియారం చూశాడు. షరీఫా వేళ్లు గబగబా ఆడాయి. ఆరు కోటలు దాటి వంతెన వచ్చేసరికి ఏడుకు పది నిమిషాలు తక్కువ. రిమోటు గుర్వమ్మ చేతికి వచ్చింది.

మొదటి ప్రాణం మూడో బండకే పోయింది. "అయ్యో కొడుకా!" అంది ఈదమ్మ. రెండోసారి గుర్వమ్మ పళ్లు బిగబట్టి రాకాసి కాళ్ల దాకా ఉరికింది. బండ నెత్తిన పడింది. ఇక ఒక్కటే మిగిలింది.

బక్కమ్మకు కోపం వచ్చింది. "ముందటికి ఎందుకు ఉరుకుతానవే? పుట్టినకాన్నుంచి ఎన్నడన్న ముందటికి నడిచి నాటేసినవా? ఎనుకకు రా! నిమ్మళంగ ఎనుకకు రా!"

గుర్వమ్మ ఉలిక్కిపడి షరీఫా వైపు చూసింది. షరీఫా పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకుంటోంది.

గుర్వమ్మ ఎడమ బొటనవేలు వెనక్కి కదిలింది. ఒక అడుగు. బండ ముందు పడింది. ఇంకో అడుగు. రాకాసి మొదటిసారి తన చోటు వదిలి వంతెన మీదికి వచ్చాడు. "ఎనుకకు! ఎనుకకు!" అని నర్సింగమ్మ అందుకుంది. మునుంలో అందరూ ఒక్క వరసన నడవడానికి ఇచ్చే కేకనే అది. గదంతా ఒక్క గొంతయింది. గుర్వమ్మ చేతికి ఆ లయ తెలుసు. అడుగు, ఆగు. అడుగు, ఆగు. బుడ్డోడు వెనక్కి వస్తున్నాడు, రాకాసి బరువుగా వెంబడిస్తున్నాడు. రాకాసి నడిమధ్యకు రాగానే వాడి బరువుకు వంతెన ఫెళ్లున విరిగింది. వాడు మడుగులో పడ్డాడు, మూట ఎగిరి ఇవతలి ఒడ్డున పడింది.

బయట బజారులో పోయేవాళ్లు ఆగి చూసేంత కేక లేచింది.

బుడ్డోడు మూట దగ్గరికి వెళ్లాడు. అందరూ టీవీ వైపు మెడలు సాచారు. ముడి విప్పాడు. లోపలినుంచి రంగురంగుల గుడ్డ ఒకటి బయటికి వచ్చింది. దాన్ని నేల మీద పరిచాడు, దులిపాడు. దాని మీద పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"బొంత!" అంది ఈదమ్మ.

నర్సింగమ్మ కిసుక్కుమంది. అంతే, పదిమందీ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. బక్కమ్మకు కళ్లలో నీళ్లొచ్చాయి. "నేను చెప్పలేదానే! ఒక పానాన్ని పండవెట్టాలని చెప్పలేదా? పాపం, పండనీకే గింత దూరం ఉరికిండు నా తండ్రి."

బుడ్డోడి గురక ఇంకా అయిపోలేదు. తెర ఒకసారి నల్లబడి మళ్లీ వెలిగింది. బుడ్డోడు కూర్చొని ఉన్నాడు, పక్కన మూట. రాకాసి వచ్చి మూట ఎత్తుకుపోయాడు.

"ఓరి నీ ఇల్లు కూల! పండనియ్యవేందిరా వాణ్ని!" అని బక్కమ్మ టీవీ మీదికి లేచింది. అప్పుడే కరెంటు పోయింది. ఆ మసక వెలుగులోనే నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు.

మరునాడు చివరి ఎకరం. గుర్వమ్మ అందరికంటే ముందే మడికి వచ్చి, బారులో కొసకు పోయి నిలబడింది. మూట విప్పింది నిజమే. కానీ అందరూ చూసేశారు. ఇక చెప్పడానికి తన దగ్గర ఏముంది? రాత్రంతా ఆ సంగతే ఆలోచించుకుంది. ఎవరూ అనకముందే తనే పక్కకు జరిగితే మర్యాదగా ఉంటుందనుకుంది.

"గాడ నిలబడ్డవేందే?" అంది బక్కమ్మ.

"మూట ఇప్పినం గద పెద్దమ్మా. అందరు చూస్తిరి. ఇంక నేనేం జెప్పాలె?"

నర్సింగమ్మ తన నారు కట్ట తీసుకొని గబగబా వచ్చి, గుర్వమ్మ భుజం పట్టి నడుమకు నెట్టింది. ఆ కొసన తను నిలబడింది.

"చూసినం గని అక్కా, ఇంకా ఇనలే."

గుర్వమ్మ కొంగు బిగించింది. పదిమందీ వంగారు. మొదటి నారు మట్టిలో దిగింది.

"ఏడో కోట. రాకాసి ఎదురుంగ నిలబడ్డడు, బుడ్డోనికి ఒక్క పానమే మిగిలింది. గప్పుడు, ఎక్కడినుంచి వచ్చిండ్రో ఏమో, పదిమంది ఆడోళ్లు వచ్చిండ్రు. మోకాళ్ల దాక బురద. అందరికంటె ముందట ఒక ముసలామె..."

"ముసలామె ఎవలే?" అంది బక్కమ్మ. కానీ చేయి ఆపలేదు. నాలుగు మొక్కలు నాటాక మెల్లగా అంది. "సరె, ముసలామెనే గానియ్యి. జర పొడుగు మనిషి అని జెప్పు."