సీకాయపొడిలో పిడికెడు మెంతులు

నాకు కోపం తొందరగా వస్తుంది, విషయం మాత్రం నిదానంగా అర్థమవుతుంది. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఉంటే ఎంత తిప్పలో ఈ ఎండాకాలం నాకు బాగా తెలిసొచ్చింది.

మాది పుంగనూరు. మా ఆయన వినోద్‌కు పచారి అంగడి ఉంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో మా అత్త సుభద్రమ్మ, నేను సీకాయపొడి చేస్తాం. ఊళ్లో తెలిసినవాళ్లు ఇంటికే వచ్చి తీసుకుపోతారు. కుప్పంలో మా చెల్లెలు సింధూజ వాళ్ల వీధివాళ్లకు పంచుతుంది. అన్నిటికంటే పెద్ద గిరాకీ మదనపల్లెలో రేష్మ అనే అమ్మాయి బ్యూటీ పార్లర్. ఆమె బోర్డు మీద ‘నాటు తలస్నానం’ అని పెద్ద అక్షరాలతో రాయించింది. ఆ తలస్నానానికి వాడేది మా పొడే.

ఉగాది దాటిన రెండు నెలలకు రేష్మ ఫోన్ చేసింది.

“అక్కా, ఈ మధ్య పొడి ఎట్లనో ఉండాది. తల పోస్తే వెంట్రుకలు కొబ్బరిపీచు మాదిరి అయిపోతాండాయి. ముగ్గురు చెప్పినారు.”

“నూనె సరిగ్గా పెట్టింటే అట్ల యాల అవుతాది?” అన్నాను. తప్పు ఎదుటివాళ్ల మీదికి తోయడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

“నూనె నా చేత్తో నేనే పెట్టినానక్కా. ఇంకో రెండు తూర్లు సూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే బోర్డు తీసేస్తా. లేకుంటే నా పార్లర్ పేరు పోతాది.”

ఫోన్ పెట్టేసి లెక్క వేసుకున్నాను. ఆ బోర్డు దిగిపోతే మా షెడ్డు సగం ఖాళీ అవుతుంది. అంతకంటే ముఖ్యం, అది అత్త చెవిన పడితే ఆమె ఏమైపోతుందో ఊహించడానికే భయం వేసింది. ఈ చుట్టుపక్కల మా పొడికి పేరంటూ ఏమీ లేదు. అందరూ ‘సుభద్రమ్మ చెయ్యి’ అంటారు, అంతే. నలభై ఏళ్లుగా అదే మాట. డెబ్బై దగ్గరపడినా ఆమె జడ నడుము దాటి ఉంటుంది. కొనడానికి వచ్చినవాళ్లు ముందు ఆ జడ చూస్తారు, తరువాత సంచీ చాపుతారు.

పనంతా నాదే అనుకోండి. కాయలు ఎండబెట్టడం, కుంకుళ్లు కొట్టి గింజ తీయడం, మందారాకు నీడన ఆరబెట్టడం, మిల్లుకు మోసుకుపోవడం, పొట్లాలు కట్టడం అన్నీ నేనే. అత్త చేసేది ఒకటే, కలపడం. సీకాయ, కుంకుడు, పెసలు ఇనుప పడితో కొలుస్తుంది. మెత్తదనం ఇచ్చే మెంతులు మాత్రం పిడికిలితో. నాలుగు పడుల సీకాయకు పన్నెండు పిడికిళ్ల మెంతులు. ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి రెండు, మూడు అని లెక్కపెడుతుంది. కాటా పెట్టి తూచుదామని పెళ్లైన కొత్తలో అన్నాను. “కాటా అంగట్లో ఉండాది, ఈడ చెయ్యి ఉండాది,” అని నా నోరు మూయించింది.

తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టాలని బయలుదేరాను. మొదట సీకాయ మీద అనుమానం. సదుం కొండల నుంచి తెచ్చే ముద్దుకృష్ణ పదేళ్లుగా ఇస్తున్నాడు. పాత కాయ అంటగట్టావా అని గట్టిగా అడిగితే ఆయన మూట విప్పి, ఒక కాయ విరిచి నా ముక్కు దగ్గర పెట్టాడు. నేను ఏడు తుమ్ములు తుమ్మాను. కాయలో ఘాటు తగ్గలేదని ఒప్పుకోక తప్పలేదు.

తరువాత మిల్లు. మా సీకాయను సాయంత్రం అన్నిటికంటే చివర పడతారు, లేకపోతే పిండి పట్టించుకునేవాళ్లు తుమ్మి చస్తారు. మాకంటే ముందు ఏం పట్టావు, రాయి కడిగావా లేదా, వేరేవాళ్ల పొడి మా దాంట్లో కలిపావా అని నలుగురి ముందర మిల్లాయనతో పోట్లాడాను. ఆయన పాపం నోరు తెరిచే సందు కూడా నేను ఇవ్వలేదు. ఇంటికొచ్చాక చూస్తే పొడి రంగూ వాసనా ఎప్పటిలాగే ఉన్నాయి.

మీ తల సంగతేంటి, మీరు పోసుకోరా అని మీకు అనుమానం రావచ్చు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను షాంపూ ప్యాకెట్ వాడతాను. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ వండి, షెడ్డు పని చూసుకునేదానికి సీకాయ నానబెట్టుకునే తీరిక ఎక్కడిది? ఈ సంగతి వినోద్‌కు తప్ప ఎవరికీ తెలియదు. మిఠాయి అంగడివాడు ఇంట్లో బెల్లం నాకినట్టు ఉంటుంది నా బతుకు.

సింధూజకు ఫోన్ చేశాను. “అవునక్కా, ఈడ గూడా పీచు మాదిరే అవుతాండాది. మా బోరు నీళ్లు మంచివి కాదు గదా, దాన్దే అనుకున్యా,” అంది. పక్కింటి శారదమ్మను అడిగితే, “నాకేమి స్వర్ణా, పట్టు మాదిరి ఉండాది. సుభద్రక్క చెయ్యి ఎప్పుడన్నా తప్పుతాదా,” అంది.

కుప్పంలో బాగా లేదు, మదనపల్లెలో బాగా లేదు, పుంగనూరులో బాగుంది. ఒకే తట్టలో కలిపిన పొడి, ఒకే రోజు కట్టిన పొట్లాలు. నా బుర్ర తిరిగిపోయింది. చివరికి తప్పు నీళ్లదే అని తీర్మానించాను. తీర్మానం చేసుకున్నాక నేను ఆగే రకం కాదు. మా ఇంటి నీళ్లు రెండు క్యాన్లలో పట్టుకుని మదనపల్లె బస్సు ఎక్కాను. మదనపల్లెలో నీళ్లు లేవా అమ్మా అని కండక్టర్ అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

పార్లర్‌లో నా తలకే పోయమన్నాను. రేష్మ నూనె పెట్టి, మా పొడిని మా నీళ్లతో కలిపి, ఓపికగా రుద్ది కడిగింది. ఆరాక జుట్టులో వేళ్లు పెట్టాను. కొబ్బరిపీచే. ఆ అమ్మాయి దువ్వెన తీసుకుని మెల్లగా చిక్కు తీస్తూ కూర్చుంది. ఆ ఓపికకు నాకు ఏడుపొచ్చింది.

తిరిగి వచ్చీ రావడంతోనే శారదమ్మ ఇంటికి పోయి నిలదీశాను. ఆమె కాసేపు నసిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“రెండు నెలల్నుంచి నేను పెరుగు కలుపుకొని పోసుకుంటాండా. ఊరికే పోస్తే బిరుసెక్కుతాండాది. వీధిలో అందురూ అట్లే చేస్తాండారు.”

“మరి నాకు యాల చెప్పలేదు?”

“మీ అత్త మొగం సూసి ఎట్ల చెప్పేది మే? ఆయమ్మ నా పెండ్లికి తల పోసింది.”

అంటే మూడు ఊళ్లలోనూ పొడి బాగా లేదు. నీళ్లది కాదు, కాయది కాదు, మిల్లుది కాదు. మరి దేనిది? మిగిలింది ఒకటే, దాన్ని అనుమానించడానికి మనసు ఒప్పుకోలేదు.

ఆ వారం అత్త కలుపుతుంటే పక్కనే మందారాకు నలుపుతూ కూర్చున్నాను. పడితో సీకాయ నిండుగా నాలుగు కొలిచింది. మెంతుల డబ్బాలో చెయ్యి పెట్టి “లాభం” అంది. ఆమె చెయ్యి పైకి లేచింది. చిటికెన వేలు, ఉంగరం వేలు ముడుచుకోలేదు, కొక్కేల్లాగా బయటికే నిలబడ్డాయి. ఆ సందులోంచి మెంతులు జరజరా డబ్బాలోకే జారిపోయాయి. తట్టలో పడింది సగమే. “రెండు” అంది. మళ్లీ సగమే. పన్నెండు దాకా తప్పకుండా లెక్కపెట్టింది. లెక్క సరిగ్గా ఉంది, మెంతులే లేవు. పడి మాత్రం ఎప్పటి పడే కాబట్టి సీకాయ పూర్తిగా పడుతోంది. జుట్టు పీచు కాక ఏమవుతుంది?

ఇన్నేళ్లు పక్కనే ఉండి ఆ చేతిని చూడలేదు. రోజూ అన్నం తినేటప్పుడు కూడా చూడలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అంగడికి పోయి వినోద్‌కు చెప్పాను. అతను తూస్తున్న పప్పు కాటాలోనే వదిలేశాడు. “అమ్మకు చెప్పొద్దు స్వర్ణా. ఆ చెయ్యి మీదనే బతుకుతాండాది ఆమె. నువ్వే ఎట్లనో సర్దు,” అన్నాడు. నాకూ అదే సరి అనిపించింది. అత్త స్నానానికి పోయినప్పుడు షెడ్డులోకి దూరి, నా పిడికిలితో అయిదు పిడికిళ్ల మెంతులు తట్టలో వేసి కలిపేశాను. దొంగతనం చేసినట్టు డబ్బా మూత చప్పుడు కాకుండా పెట్టాను. సాయంత్రం మిల్లుకు పట్టుకుపోయాను. మిల్లాయన నన్ను చూసి, ఏమీ అడగక ముందే రాయి కడగడం మొదలుపెట్టాడు.

నాలుగు రోజులకు రేష్మ ఫోన్. నవ్వుతూ ఎత్తాను.

“అక్కా, ఇప్పుడు జిగురుగా ఉండాది. ఎన్ని నీళ్లు పోసినా తలలో బంక మాదిరి పట్టుకొని పోనంటాది. నూనె గూడా పోలేదు. నువ్వు ఏం చేస్తాండావక్కా?”

నేనేం చేస్తున్నానో నాకు తెలిస్తే కదా చెప్పడానికి. అయిదు పిడికిళ్లకే బంక ఎలా అవుతుంది? నా లెక్క ప్రకారం సరిగ్గా సరిపోవాలి. పోనీ నా చెయ్యి పెద్దదా? ఎంత పెద్దదైనా అంతా? పీచుకు కారణం దొరికిందనుకుంటే ఇప్పుడు బంక వచ్చి కూర్చుంది. రేష్మ చెప్పిన రెండుసార్లలో ఒకటి అయిపోయింది.

షెడ్డులోకి పోయాను. అత్త మెంతుల డబ్బా ఒళ్లో పెట్టుకుని, అడుగున మిగిలిన గింజలను వేలితో అటూ ఇటూ జరుపుతోంది. నెలకు వచ్చే డబ్బా పది రోజులకే అడుగంటింది.

“ఎన్ని ఏసినావు?” అంది, తల ఎత్తకుండానే.

“దేంట్లో అత్తా?”

“నాతో నాటకాలు ఆడొద్దు. ఎన్ని పిడికిళ్లు?”

“అయిదు.”

“నేను ఆరు ఏసినా. నువ్వు మందారాకు తెచ్చేకి పెరట్లోకి పోయినప్పుడు.”

బంక సంగతి అప్పటికి అర్థమైంది, మిగతాది ఇంకా అర్థం కాలేదు.

“నీకు తెలుసా అత్తా?”

“చేతి ఏళ్లు ముడుసుకోవని ఉగాది నుంచీ తెలుసు. నాలుగు గింజలు తక్కువైతే ఏమి అవుతాదిలే అనుకున్యా. నువ్వు ఆ పొద్దు నీళ్ల క్యాన్లు ఎత్తుకొని బస్సెక్కినావే, అప్పుడు తెలిసింది పొడి చెడిపోయిందని. వచ్చినాంక చెప్తావని సూసినా. చెప్పలేదు. పక్కన కూర్చొని నా చెయ్యే సూసినావు, అప్పుడన్నా చెప్తావనుకున్యా. చెప్పలేదు. ఇంగ నేనే ఏసుకున్యా.”

“నువ్వు బాధపడతావని,” అన్నాను.

అత్త అప్పుడు తలెత్తింది. కళ్లలో నీళ్లు లేవు, కోపం ఉంది. ఆ కోపం అచ్చం నా కోపంలాగే ఉంది.

“కాయలాయనతో కొట్లాడినావు. మిల్లాయనతో కొట్లాడినావు. శారదమ్మ ఇంటికి పోయి కొట్లాడినావు. నాతో కొట్లాడేకి మాత్రం నీకు నోరు రాలేదు. బతికుండేవాళ్లతోనే కదా మే కొట్లాడేది. అప్పుడే నన్ను పటం కట్టి గోడకు తగిలించినావా?”

ఆమె పక్కనే చతికిలబడి ఏడ్చాను. ఆమె ఆపలేదు, ఓదార్చలేదు, డబ్బా నిండుగా మెంతులు పోసుకురమ్మని అంగడికి తోలింది.

తెచ్చాక నా చెయ్యి పట్టుకుని డబ్బాలో పెట్టింది. “పిడికిలి పట్టు,” అంది. పట్టాను. ఆమె చూసి పెదవి విరిచింది. “నీది గునపం పట్టే చెయ్యి. ఇంత పట్టకూడదు. అదుము, ఎక్కువైంది కారిపోనీ. యాడికి అదమల్లో నేను చెప్తా.” తన చెయ్యి నా పిడికిలి మీద వేసింది. ముడుచుకోని ఆ రెండు వేళ్లు నా మణికట్టుకు తగులుతున్నాయి. చల్లగా ఉన్నాయి.

“సాలా?” అంది.

“సాలత్తా, నొప్పి పుడతాండాది.”

“మళ్లా అబద్ధమా? నేనింకా నొక్కనే లేదు.”

నేను ఆమె మొహంలోకి చూశాను. నిజంగా నొక్కలేదో, నొక్కినా నాకు తెలియలేదో అర్థం కాలేదు. ఇదివరకైతే ఊరుకునేదాన్ని.

“నిజం చెప్పత్తా. నొక్కలేదా?”

అత్త పెరట్లో ఎండబెట్టిన కుంకుళ్ల వైపు చూసింది.

“నొక్కినా,” అంది.

నా ఎడమచెయ్యి ఆమె చేతి మీద వేసి, రెండు చేతులనూ కలిపి అదిమాను. నాకు ఈసారి నిజంగానే నొప్పి పుట్టింది. ఆమెకూ పుట్టే ఉంటుంది, కానీ చెయ్యి తీయలేదు. వేళ్ల సందుల్లోంచి మెంతులు కొన్ని జారిపోయాయి.

“ఇంగా,” అంది అత్త. ఇంకా అదిమాను.

“ఇది నా పిడికిలి. ఇప్పుడు తట్టలో ఎయ్యి.”