లాల్‌బీ చెట్లకు దాహం

నాపరాయి తప్ప ఇంకేమీ పండని తాండూరులో కాఫీ చెట్లేమిటి, మతి గాని పోయిందా అని అడుగుతారు మీరు. ఊరూ అదే అడిగి కడుపుబ్బా నవ్వింది. లాల్‌బీకి మాత్రం ఆ నాలుగు చెట్లే పుట్టింటి దారి.

ఆమె మొగుడు నజీర్ బండలు పరిచే మేస్త్రీ. చిక్కమగళూరు కొండల్లో ఓ తోటవాళ్లు కాఫీ గింజలు ఆరబోసే కళ్లానికి తాండూరు బండలు తెప్పించుకుంటే, వాటి వెంట తనూ వెళ్లాడు. కళ్లం పూర్తయ్యేసరికి ఆ తోట మేస్త్రీ కూతురితో నిఖా కూడా పూర్తయింది. అరవైతొమ్మిదిలో కొత్త కోడలు ఒళ్లో తట్ట పెట్టుకుని రైలు దిగింది. తట్టలో నాలుగు కాఫీ మొక్కలు. దారి పొడుగునా ఆమె ఏడుస్తుంటే చూడలేక నజీర్ ఒట్టు వేశాడు.

"గీ చెట్లు ఒక్క గిలాస కాఫీకి కాయలియ్యనీ. గప్పుడే నిన్ను మీ అమ్మ దగ్గరికి తోల్కపోత."

వాడి జంక్షన్‌లో ఒకసారి, గుంతకల్లులో ఒకసారి రైలు మారి ఆడమనిషి ఒంటరిగా వెళ్లే రోజులా అవి? మొగుడు తీసుకెళ్లాలి, లేకుంటే లేదు. మరుసటి ఏడే ఆమె తండ్రి పోయాడు. కబురు అందేసరికి నలభయ్యో రోజు ఫాతిహా కూడా అయిపోయింది. ఇక తల్లి ఒక్కతే మిగిలింది, ఆమెకూ చూపు ఆనదు.

ఇంటి చుట్టూ నిలువు బండల గోడ. గోడ అవతల సున్నపు బట్టీ. పొద్దున ఉతికి ఆరేసిన చీర మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరిగేది. పచ్చటి కొండల్లో పెరిగిన పిల్ల, ఆ పెరట్లో వేపనీడన గోనెపట్టా పందిరి వేసి చెట్లను పెంచుకుంది. అవి నడుమెత్తు ఎదిగాయి, ఆకులు నవనవలాడాయి. పూత మాత్రం లేదు.

నజీర్ సేవ చూసి తీరాలి! పనినుంచి వస్తూనే రెండు బిందెలు మోసుకొచ్చి చెట్లకు పోసేవాడు. ఎండాకాలమైతే ఇంకో బిందె. పక్కింటి ఎంకమ్మ తన మొగుణ్ణి రోజూ దెప్పేది, "జర నజీర్‌ను సూసి నేర్సుకో!" అని. లాల్‌బీకి కళ్లు చెమర్చేవి. ఇంత మంచివాడి ముందు పుట్టింటి మాట ఎలా ఎత్తడం? నోటిదాకా వచ్చిన మాటను మింగేసేది.

డెబ్బైరెండులో వానలు మొండికేశాయి. బావులు అడుగంటాయి. అయినా నజీర్ కాగ్నా వాగు ఇసుకలో చెలిమ తోడి, చెట్లకు బిందె ఎత్తుకొస్తుంటే వాడకట్టు జనమంతా అతని మీద పడ్డారు. "మనుషులకే దిక్కు లేదు, చెట్లకా?" బిందె ఆగింది. నజీర్‌కు తిండి సహించలేదు. నా చెట్ల కోసం ఎంత పరేషాన్ అవుతున్నాడో అని లాల్‌బీ కరిగిపోయింది, పిచ్చిది.

ఆకులు వేలాడాయి. సగం రాలాయి. చెట్లు మాత్రం చావలేదు. ఎండలు ముదరకముందే దారి తప్పిన మబ్బు ఒకటి వచ్చి కాసేపు కురిసి పోయింది. వారం దాటాక ఓ పొద్దున పెరడంతా మల్లెల్లాంటి వాసన. కొమ్మకొమ్మకూ తెల్లటి పూలు! లాల్‌బీ గట్టిగా నవ్వేసింది. నజీర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ముద్ద ముట్టకుండా పనికి వెళ్లిపోయాడు.

ఆరోజే వికారాబాద్ బడిలో సైన్సు చెప్పే జనార్దన్ సారు బట్టీకి సున్నం కోసం వచ్చి, వాసన పట్టుకుని గోడ మీదుగా తొంగిచూశాడు.

"కాఫీ! ఈ కరువుల ఎట్ల బతికిందమ్మా? ఆకు అడుగున కంటికి కనపడని నోళ్లుంటయి. తెరిస్తే ఒంట్ల నీళ్లు పోతయి. మూస్తే గాలి అందక ఆకలి. కరువుల పాపం మూస్కొనే కూసుంటది."

లాల్‌బీ గోడ దగ్గరికి వచ్చింది. ఈయన చెట్టు సంగతే చెబుతున్నాడా?

"మరి ఎట్ల బతికినయి సార్?"

"గా బట్టీ పుణ్యం కావచ్చు. సున్నపురాయి కాలితే వచ్చే గాలే చెట్టుకు కూడు. గాలి చిక్కగుంటే నోరు జరంత తెరిచినా చాలు, నీళ్లు ఎక్కువ పోవు. పక్కా అని చెప్పలేను. లోకమంతట పొగగొట్టాలు పెరిగి గీ గాలి ఏటేటా ఎక్కువైతున్నదట. అట్లని సంబురపడొద్దు. నీళ్లే లేకుంటే కూడు ఎంతుండి ఏం లాభం?"

"రోజూ నీళ్లు పోస్తే పూయలే సార్. ఎండబెడితే పూసినయి."

"గదే మరి! మొగ్గ ముందు దాహం పడాలె, తర్వాత వాన పడాలె. రోజూ తడిపితే నిద్ర లేవదు. తోట మేస్త్రీలకు ఎరికే గద."

తోట మేస్త్రీలకు ఎరికే. ఆమె తండ్రి తోట మేస్త్రీ. కొండల్లో నీళ్లు పోసేది ఆకాశమే కాబట్టి, నీళ్లు పోయకపోవడం కూడా ఒక పనని లాల్‌బీకి ఎవరూ చెప్పలేదు. మరి అల్లుడికి?

సాయంత్రం నజీర్ గడప దాటి లోపలికి రాకముందే లాల్‌బీ అడిగింది.

"మా అబ్బ నీకు చెప్పిండా?"

నజీర్ బండ మీద కూర్చున్నాడు. "చెప్పిండు. రైలెక్కే ముంగట. ఎండాకాలం ఎండనియ్యి అల్లుడా అన్నడు."

"మరి?"

"పోతే మల్ల రావని భయమైంది, లాల్‌బీ."

"మా అబ్బ పోయిండు. ఆఖరి సూపు దక్కలే. నువ్వు బిందెలు మోస్తనే ఉన్నవ్."

పిందె నిలవాలంటే ఇప్పుడు తడి కావాలి. నజీర్ చీకటి విడకముందే వాగుకు పోయి, తన తాగేనీళ్ల వాటాలోంచి ఒక బిందె చెట్ల దగ్గర దించి, మాట్లాడకుండా పనికి వెళ్లేవాడు. ఆమె కొలిచి పోసేది. ఆమె కోపం మాత్రం తగ్గలేదు.

పై చలికాలానికి కాయలు ఎర్రబారాయి. లాల్‌బీ ఎండబెట్టింది, రోట్లో దంచి పొట్టు తీసింది, పెనం మీద వేయించింది. ఒక్క గిలాస కాఫీ వచ్చింది. తెచ్చి నజీర్ ముందు పెట్టింది. అతను చివరి చుక్కదాకా తాగాడు.

"టికెట్లు తీస్త. దింపి వస్త. నీకు… మల్ల రాకడకు గూడ తియ్యాల్నా?"

లాల్‌బీ రెండు ఖాళీ బిందెలు తెచ్చి అతని ముందు బోర్లించింది.

"నేను లేనప్పుడు చెట్లను ఎండనియ్యి. ఆకులు వేలాడినా, రాలినా, బిందె ముట్టకు. వాన పడి పూసినయంటే కబురు పంపు. గప్పుడు చెప్త, మల్ల వస్తనో రానో."

నజీర్ బోర్లించిన బిందెల వంక చూస్తూ కూర్చున్నాడు. ఆమె తట్ట సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది.