ఇరవై తొమ్మిదో గీత

నేను ఒక గాజు గొట్టాన్ని. జానెడు పొడుగు, సన్నటి మెడ, కింద ఉబ్బిన పొట్ట, పొట్ట అడుగున సీసపు గుండ్లు. మెడ లోపల చుట్టిపెట్టిన కాగితం మీద పైనుంచి కిందికి సున్నా మొదలు యాభై దాకా గీతలు. నన్ను నీళ్ళలో వదిలితే నిటారుగా తేలతాను. నీళ్ళు పలచగా ఉంటే లోతుకి దిగుతాను, చిక్కగా ఉంటే పైకి లేస్తాను. నీటిమట్టం నా మెడ మీద ఏ గీతకి తగిలితే ఆ నీళ్ళలో ఉప్పు అంత ముదిరిందని లెక్క. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే, ఎంత మునగాలో అంతే మునగడం. మనుషుల్లో ఈ విద్య తెలిసినవాళ్ళు నాకింకా తారసపడలేదు.

ఉత్తరాదిన అంబాలాలో ఒక ముసలాయన నన్ను మంట దగ్గర కూర్చుని ఊదాడు. ఆయన ఊపిరి నాలో ఇంకా కాస్త ఉందేమోనని నా అనుమానం. నేను తేలేది లోపలి ఆ ఖాళీ వల్లనే. మనుషులు తమ లోపల ఖాళీ ఉందని తెలిస్తే కంగారుపడి దాంట్లోకి ఏదో ఒకటి కుక్కుతారు. నాకు ఆ అవస్థ లేదు. ముసలాయన నన్ను మంచినీళ్ళలో నిలబెట్టి, సున్నా గీత సరిగ్గా నీటిమట్టానికి వచ్చేదాకా ఒక్కొక్క గుండే వేశాడు. చివర్లో ఒకటి ఎక్కువైతే పట్టకారుతో తీసేశాడు. ఆ తర్వాత పైకొన కరిగించి మూసేశాడు. అంత శ్రద్ధగా నన్ను చూసినవాడు మళ్ళీ లేడు. అప్పటినుంచీ నా బరువు నా బరువే. దానికి చిటికెడు చేరినా నేను అబద్ధమాడతాను, అదీ నిటారుగా నిలబడి.

నన్ను కొన్నది ప్రకాశం జిల్లా సముద్రపు ఒడ్డున ఉప్పు కయ్యలున్న వెంకటాద్రి గారు. ఆయన నన్ను పెద్దగా నమ్మలేదు. ఆయన నమ్మింది మాలకొండమ్మ నాలుకని. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్ళు. గట్టు మీద వంగి, వేలు ముంచి, నాలుకకి రాసుకుని, కళ్ళు మూసుకుని చెప్పేది. ఆమె చెప్పాక, ఊరికే సరదాకి అన్నట్టు నన్ను వదిలేవాడు. నేను ఆమెతో ఏకీభవిస్తే, "ఇది కూడా బాగానే పనిచేస్తోందే" అని నన్ను మెచ్చుకునేవాడు. ఏటా పని మొదలయ్యే రోజున మాత్రం నన్ను మంచినీళ్ళ కడవలో వదిలి సున్నా గీత చూసేవాడు. అంతకుమించి మర్యాదలేవీ లేవు. ఆ రోజుల్లో అది అవమానమనుకునేదాన్ని.

ఉప్పు పండే తీరు మీకు తెలియకపోవచ్చు. సముద్రపు నీళ్ళు కయ్యల్లోకి వచ్చేటప్పుడు నా మీద మూడో గీత దగ్గర ఉంటాయి. ఎండకి నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది, నేను రోజుకింత పైకి లేస్తాను. ఇరవై అయిదు దగ్గర నీళ్ళు ఇక నావల్ల కాదంటాయి. కరిగి ఉన్న ఉప్పు గింజకట్టి అడుగున రాలడం మొదలవుతుంది. అయితే సముద్రంలో ఉన్నది తినే ఉప్పొక్కటే కాదు. చేదు లవణాలు కూడా ఉన్నాయి. అవి ఓపిక గలవి, చివరిదాకా నీళ్ళని పట్టుకుని వేలాడతాయి. ఇరవై తొమ్మిది దాటితే వాటికీ పట్టు జారుతుంది. అందుకే ఇరవై తొమ్మిదో గీత దగ్గర తూము తీసి, మిగిలిన చేదునీళ్ళు బయటికి వదిలెయ్యాలి. ఒకట్రెండు రోజులు ఆశపడి ఆగితే ఉప్పు చేదెక్కుతుంది, కుప్పపోసినా చెమ్మ వదలదు.

వెంకటాద్రి గారు పోయాక కయ్యలు కొడుకు చెంచురామయ్య చేతికొచ్చాయి. డిగ్రీ రెండో ఏడు దాకా కెమిస్ట్రీ చదివి ఆపేసిన మనిషి. ఆపేసిన చదువు మీద ఉండే భక్తి పూర్తిచేసిన చదువు మీద ఎన్నటికీ ఉండదు. ఒకరోజు కూలీలను కూర్చోబెట్టి పాత పుస్తకం తెరిచి, ఇక కరిగించుకోలేని నీటిని సంతృప్త ద్రావణం అంటారని చెప్పాడు.

"అంటే ఉన్నదాంతో చాలనుకోవడమాండీ?" అంది కోటమ్మ.

"కాదమ్మా. ఇంక పట్టకపోవడం."

"మా ఆయన బువ్వ దగ్గర అట్టనే లేస్తాడు" అందామె. ఆడవాళ్ళంతా నవ్వారు. చెంచురామయ్య పుస్తకం మూసేశాడు.

ఆయన లోపల ఒక భయం ఉంది. నేను గాజుని, నాకు లోపలివి కనిపిస్తాయని కాదు. గట్టు మీద ఒకే నీళ్ళలో నన్ను మూడేసి సార్లు ముంచి చూసేవాడు. తండ్రిలాగా వేలు ముంచి నాకడం ఆయనకి నామోషీ. అసలు సంగతి నామోషీ కూడా కాదు. నాకి చెప్తే, తప్పయితే అది తన తప్పవుతుంది. గీత చూసి చెప్తే, అది గీత తప్పు. మనుషులు కొలిచే సాధనాలు కనిపెట్టింది నిజం తెలుసుకోవడానికని పుస్తకాల్లో రాసుకుంటారు. నిజానికి నిందని తగిలించడానికి ఒక కొక్కెం కావాలి, అంతే.

అందుకని ఆయన నన్ను దేవుణ్ణి చేశాడు. ఆ ఏడు కయ్యల్లోకి తొలి నీరు పెట్టే రోజున ఆయిలింజనుకి బొట్టు పెట్టారు, తూము చెక్కకి పెట్టారు, ఆడవాళ్ళు ఉప్పు లాగే పలకలకి పెట్టారు. నా వంతు వచ్చేసరికి ఆయనకి చెయ్యి ఆగలేదు. మెడ పైకొన చుట్టూ గంధం మెత్తాడు. మూడు చోట్ల కుంకుమ. ఆపైన పసుపు దారం, దారానికి చిన్న పసుపుకొమ్ము. కొబ్బరికాయ కొట్టి, "ఈ ఏడు నువ్వే దిక్కు" అన్నాడు. మంచినీళ్ళ కడవ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. దేవుణ్ణి పరీక్ష చేసేవాళ్ళెవరు?

నిజం చెప్పాలంటే నాకూ బాగానే అనిపించింది. నలభై ఏళ్ళు ఒక ఆడమనిషి నాలుక వెనక రెండో సాక్షిగా నిలబడ్డదాన్ని. మెడలో ఆ బరువు పడగానే కాస్త కిందికి జారాను. దాన్ని నేను హుందాతనం అనుకున్నాను.

ఇరవై అయిదు దగ్గర కట్టాల్సిన ఉప్పు ఆ ఏడు ఇరవై రెండు దగ్గరే కట్టింది. ఎవరైనా ఆగి ఆలోచిస్తారు. చెంచురామయ్య మాత్రం, "మన నీళ్ళలో సత్తువ ఉంది, ముందే కడుతోంది" అని మురిసిపోయాడు. నేనేం మాట్లాడలేదు. నాకు నోరు లేదన్నది మంచి సాకు.

మొదటి కయ్యలో నేను ఇరవై ఆరు చూపించిన సాయంత్రం మాలకొండమ్మ వేలు నాకి లేచింది.

"చిన్నయ్యా, నీళ్ళు ముదిరినయ్. పొద్దుటికల్లా తూము తీసెయ్యాల."

"ఇరవై ఆరే ఉంది మాలకొండమ్మా. ఇంకో మూడు గీతలు రావాలి."

"గీతలకేం నాయనా, వస్తయ్. ఈలోపల చేదు దిగుద్ది. ఈ ఉప్పు ఆవకాయలు పెట్టే కంపెనీకని చెప్పావు గదా. ఒక్క ఉప్పుకల్లు చేదైనా వాళ్ళు లారీ వెనక్కి తిప్పుకుపోతారు."

"నీ నాలుక్కి గీతలున్నాయా?"

"మీ నాయన లేవనలేదు."

ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. తగిలినచోట చెయ్యి పెట్టుకోకుండా నవ్వాడు. "వయసైపోయింది నీకు. రేపట్నుంచి నీళ్ళు చూసే పని నాకొదిలెయ్. గంపలు మొయ్యి."

ఆరోజు నుంచి ఆమె గంపలు మోసింది. నేను ఇరవై తొమ్మిది చూపించాకే తూము తీశారు. అప్పటికి నీళ్ళు నిజానికి ముప్ఫై రెండు దగ్గరున్నాయని తెలిసినవాళ్ళం ఇద్దరం, నేనూ ఆ నీళ్ళూ.

కుప్పపోశాక ఉప్పు తెల్లగా మెరిసింది. మాలకొండమ్మ గంప దించి ఒక కల్లు నోట్లో వేసుకుంది. ముఖం ముడుచుకుపోయింది.

"చేదుగా ఉందయ్యా."

చెంచురామయ్య తాను రుచి చూడలేదు. కూలీల వైపు చూశాడు. "ఏమ్మా, మీకెట్టా ఉంది?"

పక్కనున్న నలుగురూ తలా ఒక కల్లు వేసుకున్నారు. నలుగురి కనుబొమలూ దగ్గరికి రావడం నేను చూశాను. తర్వాత నలుగురూ ఆయన ముఖం చూశారు. కనుబొమలు వాటి చోటికి వెళ్ళిపోయాయి.

"బాగానే ఉందండీ."

"ఉప్పు ఉప్పగా ఉంటది, ఇంకెట్టుంటది" అంది కోటమ్మ. "అత్తకి అరవై దాటింది. నాలిక రిటైరై ఉంటది గామాల."

మళ్ళీ నవ్వులు. మాలకొండమ్మ కూడా నవ్వబోయింది, సగంలో ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం తాటాకుల పాక నీడలో ఆమె అన్నం గిన్నె విప్పి, కూర ఒక ముద్ద కోటమ్మ చేతిలో పెట్టి, "ఉప్పు సరిపోయిందో లేదో చూడవే" అంది. నలభై ఏళ్ళుగా ఆ మాట అందరూ ఆమెని అడిగేవాళ్ళు. కోటమ్మ నవ్వలేదు ఈసారి. ముద్ద మింగి, "సరిపోయిందిలే అత్తా" అని తల తిప్పుకుంది. ఆ తర్వాత మాలకొండమ్మ దేన్నీ రుచి చూసినట్టు నాకు కనపడలేదు. నీళ్ళు తాగినా గొంతులోకి పోసుకునేది, నాలుకకి తగలనట్టు.

రెండో కయ్య ఇంకా నీళ్ళతో ఉంది. కంపెనీ వాళ్ళు శుక్రవారం వస్తారు. బుధవారం మధ్యాహ్నం నేను ఇరవై ఆరు చూపించాను. చెంచురామయ్య, "ఇంకా టైముంది" అని నన్ను పాకలో మంచినీళ్ళ కడవ పక్కన పెట్టి భోజనానికి వెళ్ళాడు.

మాలకొండమ్మ నీళ్ళ కోసం వచ్చింది. నన్ను చూసి ఆగింది. విసిరికొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే కాదనడానికి నా దగ్గర కారణం లేదు. ఆమె నన్ను చేతిలోకి తీసుకుని మెడ మీద పేరుకున్న ఉప్పు పొక్కుని గోటితో గీకింది.

"దీనికి నీళ్ళు పోసే దిక్కు కూడా లేదు" అంటూ, పెద్దాయన చేసినట్టే, నన్ను కడవలోకి వదిలింది.

నేను తేలలేదు. గంధం, కుంకుమ, ఉప్పునీళ్ళు తాగి గట్టిపడ్డ దారం, పసుపుకొమ్ము, అన్నీ నన్ను లాక్కుని తిన్నగా కడవ అడుక్కి దించాయి. టక్కుమని తగిలాను.

పైనుంచి ఆమె ముఖం వంగి చూసింది. "ఇదేందీ? మంచినీళ్ళలో మునిగి చచ్చింది!"

చెయ్యి పెట్టి బయటికి తీసింది. ముడి విప్పడానికి పళ్ళు వాడింది. గంధం బొటనవేలితో రుద్ది కడిగింది. మళ్ళీ వదిలింది. పైకి లేచాను, ఊగాను, ఆగాను. సున్నా గీత నీటి మీద. అంబాలాలో ముసలాయన దగ్గర ఎలా నిలబడ్డానో అలాగే.

చదువు రాని మనిషి. అయినా ఆ పై గీత ఆమెకి గుర్తే. చేతిలోని పసుపుకొమ్మునీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత చేసిన పని నన్ను ఇప్పటికీ వదలదు. ఎవరూ లేరని చూసుకుని, తన నాలుకని పంటితో మెల్లిగా నొక్కి చూసుకుంది, అక్కడే ఉందా లేదా అన్నట్టు.

చెంచురామయ్య వచ్చాక ఆమె దారాన్నీ పసుపుకొమ్మునీ నా మెడకి మళ్ళీ కట్టింది. దారంతో ఒకసారి, దారం లేకుండా ఒకసారి నన్ను రెండో కయ్యలో వదిలింది. మొదట ఇరవై ఆరు. రెండోసారి ఇరవై తొమ్మిది.

"గీతలు నాకు రావు చిన్నయ్యా. నువ్వే చదువు."

ఆయన చదివాడు. చాలాసేపు చదివాడు. ఆపైన కూలీల వైపు వీపు తిప్పి, వంగి, వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆ వేలితోనే మొదటి కుప్పలోంచి ఒక కల్లు తీసుకుని నమిలాడు. ఉమ్మేశాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

"తూము తియ్యండి" అన్నాడు. కొంచెం ఆగి, "నువ్వు అప్పుడే గట్టిగా చెప్పాల్సింది మాలకొండమ్మా" అన్నాడు.

కొక్కెం వెతుక్కునే చెయ్యి అంత తొందరగా ఊరుకోదు. ఆమె ఆయన్ని ఒక చూపు చూసి, "ఇప్పుడు చెప్తన్నా. గంప ఇంకెవరికన్నా ఇవ్వు" అంది. ఆయన తనే అందుకుని పక్కన పెట్టాడు.

శుక్రవారం కంపెనీ వాళ్ళు రెండో కయ్య ఉప్పు నాకి, తల ఊపి, లారీ నింపుకున్నారు. మొదటి కుప్ప తోళ్ళు శుద్ధి చేసేవాళ్ళకి పోయింది. చచ్చిన తోలుకి చేదు తెలియదు. "మాకప్పుడే అనుమానం వచ్చిందండీ" అన్నారు నలుగురు కూలీలూ ఒకే గొంతుతో.

ఇప్పుడు నేను కొఠారు గదిలో వెంకటాద్రి గారి ఫోటో పక్కన గూట్లో ఉన్నాను. తప్పంతా తనదని చెప్పడానికి చెంచురామయ్యకి నోరు రాలేదు, నాదని చెప్పడానికి మనసు రాలేదు, అందుకని నన్ను శాశ్వతంగా పూజలోకి పంపించాడు. పొద్దున్నే కిటికీలోంచి గట్టు కనిపిస్తుంది. మాలకొండమ్మ వంగి వేలు నాకుతుంది. పక్కన ఆయనా వంగి నాకుతాడు. నాకి, ముందుగా ఏమీ అనకుండా ఆమె ముఖం వైపు చూస్తాడు. ఆమె చెప్పదు. ఆయన చేతే చెప్పిస్తుంది.

నాకు ప్రతి శుక్రవారం కొత్త బొట్టు. మెడలో ఇప్పుడు మూడు దారాలు, రెండు పసుపుకొమ్ములు. నన్ను ఏ నీళ్ళలో వేసినా తిన్నగా అడుక్కి పోతాను. అది తెలిసినందుకే కాబోలు, ఎవరూ నీళ్ళలో వెయ్యరు. దండం పెట్టుకుని వెళ్ళిపోతారు.