ఉమ్మడి ఫోల్డర్‌లో పాత కాపీ

స్నేహ ఉద్యోగం పర్మనెంట్ అవుతుందో లేదో ఆ రోజు పదకొండు గంటలకు తేలాలి. మా అమ్మాయి జహీరాబాద్‌లో మా ఇంటి ముందు గదిలోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తుంది. పప్పు మిల్లుల వాళ్ల కోసం తను తయారుచేసిన వెబ్‌సైట్‌ను వాళ్ల సారు మదన్‌మోహన్ ఆ వేళకు మిల్లు యజమానులకు చూపించాలి. తన ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది కాస్తా కంపెనీ సర్వర్‌లోకి ఎక్కించగానే తెరుచుకోవడం మానేసింది.

ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. పెనం మీద జొన్నరొట్టె మాడుతున్నా గుమ్మం వదల్లేదు. ఏమైందని మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కుంటూనే చెప్పింది. జావా అనే కంప్యూటర్ భాషలో రాసేవాళ్లు అన్నీ తామే రాయరట, ఎవరో రాసిపెట్టిన లైబ్రరీలనే ప్రోగ్రాం ముక్కలు తెచ్చి కలుపుకుంటారట. పెళ్లికి ఒకరిని పిలిస్తే వాళ్లు ఇంకొకరిని వెంటబెట్టుకొచ్చినట్టు, స్నేహ తెచ్చిన ఒక లైబ్రరీ తన వెంట ఇంకోదాని పాత కాపీని తెచ్చిందట. కొత్త కాపీ పక్కనే ఉన్నా ప్రోగ్రాం పాతదాన్నే పట్టుకుంటోందట.

ఆ పాతదాన్ని రానివ్వొద్దని రాసి మళ్లీ ఎక్కించింది. మళ్లీ అదే తప్పు.

అప్పుడు ఫోన్లో గిరీశ్ దొరికాడు, స్నేహ స్పీకర్ పెట్టింది. ఆఫీసులో స్నేహ కంటే ముందు చేరినవాడు, మన పక్కూరు కోహీర్ అబ్బాయే. ఎవరికి ఏ లైబ్రరీ కావాలన్నా సర్వర్‌లోని ఉమ్మడి ఫోల్డర్‌లో పడేసి పోవడం వాళ్లకు అలవాటట. పాత కాపీ అక్కడ కూడా ఉంది. సర్వర్ ముందు ఆ ఫోల్డర్‌లో వెతుకుతుంది, దొరికితే ఇక స్నేహ ప్రోగ్రాంలోకి తొంగి చూడదు.

"తీసిపారెయ్, ఫికర్ జెయ్యకు. పదకొండు దాటితే సారు ఊకోడు," అన్నాడు గిరీశ్.

"మమతక్క జీతాల సాఫ్ట్‌వేర్ గూడ గదే వాడుతది గదన్నా. అది బందైతే?" అంది స్నేహ. వాళ్ల ఆఫీసులో జీతాల సాఫ్ట్‌వేర్ చూసేది మమత.

"ఐతే గానీ. ముందు నీ నౌకరి జూస్కో."

నాకూ అదే సరి అనిపించింది. తీసెయ్యి బిడ్డా అన్నాను. స్నేహ నా వైపు తిరిగింది.

"రేపు మమతక్క వాళ్లమ్మ గూడ నీ లెక్కనే గుమ్మంల నిలబడాల్నా?"

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. చెవులు మాత్రం ముందు గదిలోనే ఉన్నాయి.

స్నేహ సారుకు ఫోన్ చేసి అరగంట అడిగింది. ఆయన ఏమన్నాడో నాకు చెప్పలేదు. ఉమ్మడి ఫోల్డర్ కంటే ముందు తను తెచ్చిన లైబ్రరీల్లోనే వెతకమని సర్వర్‌కు తన ప్రోగ్రాంలో ఒక వాక్యం రాసి, ఎవరిదీ తీసెయ్యకుండా ఎక్కించింది. పేజీ తెరుచుకుంది. మమతదీ నడుస్తూనే ఉంది.

పదకొండున్నరకు సారు మిల్లువాళ్లకు చూపించాడట గానీ, మధ్యాహ్నం దాకా ఆయన నుంచి మాట లేదు. స్నేహ అలసిపోయి పడుకుంది. ఆ పేజీ ఎప్పుడు పడిపోతుందోనని నేను నా ఫోన్లో తెరుస్తూ, మూస్తూ కూర్చున్నాను. అంతలో గిరీశ్ ఫోన్ చేశాడు. స్నేహ నిద్రమత్తులోనే స్పీకర్ పెట్టింది.

"మీ ఇంటికెల్లి ఎవరో ఒకటే తీరుగ సైట్ తెరుస్తున్రు. ఏం పరీక్ష జేస్తున్నవ్?"

"మా అమ్మ అన్నా," అంది స్నేహ, నన్ను చూస్తూ.

"ఆంటీని జర ఆగుమను. మిల్లోల్లకు నచ్చిందట. నిన్ను పర్మనెంట్ చేస్తున్నడు సారు. సోమారం కాయితం వస్తది."

స్నేహ నవ్వి, ఫోన్ పక్కన పెట్టి మళ్లీ కళ్లు మూసుకుంది. కాయితం వచ్చే సోమవారానికి ఇంకా రోజులున్నాయి. నేను చడీచప్పుడు లేకుండా ఆ పేజీ మరోసారి తెరిచాను.