ఫోను చెప్పిన చిలక

అమ్మ కళ్లకు లేసు కాగితం మీది గడులు ఆనడం మానేశాక నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. నరసాపురంలో మా అమ్మ నాగరత్నం అల్లే లేసులో గడులు రెండే రకాలు, నిండువి, ఖాళీవి. బొమ్మలోని ప్రతి వరుసనూ న, ఖ అక్షరాలతో ఒక స్ట్రింగ్‌గా రాసిపెట్టాను. స్ట్రింగ్ అంటే వరుసగా పేర్చిన అక్షరాలు; ప్రోగ్రాంలో విలువలను వరుసలో దాచే అరే (array) లాంటిదే. అందులోని అక్షరాలను మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటిగా తీసుకోవచ్చు. ఫోను అలా తీసుకుంటూ "నిండు, ఖాళీ" అని చెబుతుంటే అమ్మ వింటూ అల్లుతుంది.

మొదట అల్లిన పువ్వు బొమ్మ చక్కగా వచ్చింది. దాంతో లేసు సెంటరు నడిపే సత్యకుమారి గారు అరచేతంత చిలక బొమ్మ ఇచ్చి, ఇది కుదిరితే అమ్మకు మళ్లీ పనిస్తానన్నారు.

చిలక చిందరవందరగా వచ్చింది. ముక్కు సగం తోక దగ్గర తేలింది.

"ఇదేం చిలకే రత్నం, తుఫానులో పడ్డట్టుంది," అన్నారు సత్యకుమారి గారు.

"ఫోను ఎలా చెబితే అలాగే అల్లానండి," అంది అమ్మ.

"మరి కూలి కూడా ఫోనుకే ఇమ్మంటావా ఏంటి? సాయంత్రం దాకా చూస్తాను. కాకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేస్తాను, ఏమీ అనుకోకు."

అమ్మ సూది సంచిలో పెట్టేసుకోబోయింది. నేను ఆపి, లేసు ఒళ్లోకి తీసుకున్నాను. చిన్నప్పుడు నేర్చుకున్న పనే. ఒక వరుస అల్లి, లేసు తిప్పి, రెండో వరుస మొదలుపెట్టగానే తెలిసింది. తిప్పాక చెయ్యి బొమ్మ అవతలి చివర నుంచి వెనక్కి వస్తుంది. కాగితం చూసి అల్లేవాళ్ల కన్ను కూడా దాంతోపాటే వెనక్కి వస్తుంది. నా ప్రోగ్రాం మాత్రం ప్రతి వరుసనూ ఒకే వైపు నుంచి చదువుతోంది. పువ్వు రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి అప్పుడు తప్పు బయటపడలేదు.

వరుస విడిచి వరుస, స్ట్రింగ్‌ను చివరి అక్షరం నుంచి మొదటికి చదివేలా మార్చాను. అమ్మ మళ్లీ అల్లింది. ముక్కు ముక్కు చోటే వచ్చింది.

సత్యకుమారి గారు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. "రేపొచ్చి నూలు పట్టుకెళ్లు రత్నం."

"అలాగేనండి."

దారిలో అమ్మ అంది, "ఏంటే హారతీ, ఆ ఫోనుని కాస్త నెమ్మదిగా చెప్పమను. నాకేమన్నా పరుగు పందెమా?"

"చెబుతానమ్మా," అన్నాను. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరం బండి దగ్గర ఆగి వేడివేడి పునుగులు తిన్నాం.